షెడ్డులో మెటల్ ఫాల్స్ సీలింగ్ వేయిస్తే వేడి తగ్గుద్దా?

ప్రశ్న: జీడిమెట్లలో మాదో చిన్న ప్యాకింగ్ యూనిట్ అండి, పైన రేకుల కప్పు, ఎండాకాలం మధ్యాహ్నం లోపల నిలబడలేం. కాంట్రాక్టరేమో 600×600 ఎంఎం జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) టైల్స్ వేస్తే చల్లగా ఉంటదంటున్నాడు, నిజమేనా? ఫ్యాన్లు, లైట్లు కూడా ఆ ఫ్రేముకే తగిలిస్తాడంట.

రేకులమావ: ఉత్త టైల్స్‌తో పెద్దగా ఒరిగేదేం లేదు బ్రో. కాలిన రేకు వేడి కిందకి కొడుతూనే ఉంటది, ఆ మధ్య ఖాళీలో వేడిగాలి ఇరుక్కుపోద్ది, టైల్ కూడా ఇనుమే కదా అదీ కాగుద్ది. ముందు రేకు కింద గ్లాస్‌వూల్ (గాజు పీచు) ఇన్సులేషన్ వేయించి, పైన టర్బో వెంటిలేటర్లు (గాలికి తిరుగుతూ లోపలి వేడిగాలిని బయటకి లాగేవి) పెట్టించు, సీలింగ్ సంగతి తర్వాత.

సైట్ ఇంజినీర్: ఫ్యాన్లు గ్రిడ్‌కి, అంటే ఆ సీలింగ్ ఫ్రేముకి, అస్సలు వద్దండి!! ఆ టీ సెక్షన్లు (T ఆకారం పట్టీలు) టైల్స్ బరువు మోయడానికే. ఫ్యానుకీ, డక్టుకీ విడిగా రాడ్లు దించాలి, అదీ పర్లిన్‌కి (రేకుల్ని మోసే అడ్డ కమ్మీకి) ఎక్కడపడితే అక్కడ బెజ్జం కొట్టకుండా క్లాంపుతో, షెడ్డు డిజైన్‌లో ఆ అదనపు బరువు లెక్కేశారో లేదో కూడా చూసుకోండి. స్ప్రింక్లర్లు ఉంటే సీలింగ్ కిందకి కూడా హెడ్లు దించాలి, లేకపోతే మంటొచ్చినా నీళ్లు టైల్స్ మీదే పడతాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. మరి క్లిప్-ఇన్ (ఫ్రేములోకి నొక్కి బిగించే టైల్) మంచిదా, లే-ఇన్ (ఫ్రేము మీద ఊరికే పెట్టే టైల్) మంచిదా?

రేకులమావ: పైన వైరింగ్ ఉంటే లే-ఇన్, టైల్ ఎత్తి పక్కన పెడితే పనైపోద్ది. క్లిప్-ఇన్ నీటుగా ఉంటది గానీ ప్రతిసారీ పీకాలంటే అంచులు వంగిపోతాయి.