విదేశంలో చేసిన నేరాన్ని మన కోర్టులు విచారించాలా, వద్దా?

అడ్డగోడ:
ఒక భారతీయుడు వేరే దేశంలో ఎవరినో చంపి, అక్కడి పోలీసులకు దొరక్కుండా విమానం ఎక్కి వచ్చేశాడనుకుందాం. మన కోర్టు అతన్ని విచారించవచ్చా? కూడదనే నా వాదన. నేరం జరిగింది అక్కడ, శవం అక్కడ, సాక్షులు అక్కడ. ఆ దేశం అడిగితే పట్టి అప్పగించాలి, అంతే. పాస్‌పోర్టు ఇచ్చాం కాబట్టి మన శిక్షాస్మృతిని కూడా ప్రపంచమంతా మోసుకు తిరగమంటే ఎలా?

పాతఫైలు:
కూడదా అన్నది తర్వాత చూద్దాం గానీ, చట్టం మాత్రం విచారించవచ్చనే అంటోంది. పాత ఐపీసీ 4వ సెక్షన్‌లో ఉదాహరణ కూడా ఇచ్చారు: భారత పౌరుడు ఉగాండాలో హత్య చేస్తే, మన దేశంలో ఎక్కడ దొరికితే అక్కడే విచారించి శిక్షించవచ్చు. (అన్ని దేశాలుండగా ఉగాండానే ఎందుకు పట్టుకున్నారో!) 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 1(5) కింద అదే నియమం ఉంది, ఉగాండా పేరు మాత్రం తీసేశారు.

ఇక అప్పగించడం అన్నిసార్లూ కుదిరే పని కాదండీ. యూఏఈతో 1999లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఎవరి పౌరులను వాళ్ళు అప్పగించరు, దానికి బదులు సొంత దేశంలోనే కేసు నడపాలి. జర్మనీ రాజ్యాంగం కూడా ఐరోపా సమాఖ్య దేశాలకో, అంతర్జాతీయ కోర్టులకో తప్ప తన పౌరుణ్ణి ఇవ్వనివ్వదు. అప్పగించం, మేమూ విచారించం అంటే హంతకుడు ఇంటికి చేరితే చాలు, గండం గడిచినట్టే.

గాలివాటం:
హత్య అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అక్కడ నేరమే కాని పనుల సంగతేంటి? మాదకద్రవ్యాల చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని దాని మొదటి సెక్షన్‌లోనే ఉంది. కెనడాలో 2018 నుంచి గంజాయి చట్టబద్ధం. అక్కడ దుకాణంలో బిల్లు కట్టి కొనుక్కున్న మన కుర్రాడు ఇక్కడ దిగితే, కాగితం మీద నేరస్తుడే! జర్మనీ చట్టంలోనైతే, కొన్ని ప్రత్యేక నేరాలు పక్కన పెడితే, చేసిన చోట కూడా అది నేరమై ఉండాలి. మన సంహితలో ఆ షరతు ఎక్కడుంది?

పాతఫైలు:
షరతు లేదు, కానీ తలుపు ఉంది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 188వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 208. కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప ఇలాంటి కేసు విచారణకు రాదు. గంజాయి కుర్రాడి కోసం ఢిల్లీలో ఎవరూ ఫైలు కదపరు, టెన్షన్ పడకండి.

గాలివాటం:
సరిగ్గా నా భయం అదేనండీ. ఎవరి ఫైలు కదులుతుందో, ఎవరిది కదలదో ప్రభుత్వం చేతిలో పెట్టారు. ఏ ప్రాతిపదికన ఇవ్వాలో, ఎన్నాళ్ళలో తేల్చాలో ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

ఉషారాణి:
ఆ అనుమతి గురించి ఇంకో వైపు నుంచి చెప్తాను. 2011లో సుప్రీంకోర్టు తేల్చిన బోట్స్వానా కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిందే. పెళ్ళయ్యాక భర్తతో ఆ దేశం వెళ్ళిన అమ్మాయి, అక్కడ తనను వేధించాడని ఇక్కడికొచ్చి 498ఎ కింద ఫిర్యాదు చేసింది. కోర్టు ఏమందంటే, కేసు నమోదుకు, దర్యాప్తుకు, మేజిస్ట్రేటు కేసును స్వీకరించడానికి అనుమతి అక్కర్లేదు. విచారణ మొదలవ్వాలంటే మాత్రం కావాలి. ఇక్కడ జరిగిన కట్నం నేరాలకు అసలే అక్కర్లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి స్థానంలో ఉండి ఆలోచించండి. అడ్డగోడ గారు "నేరం జరిగిన చోటే" అంటున్నారు. భాష రాదు, వీసా భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉంది, తనవాళ్ళెవరూ లేరు. అక్కడి స్టేషన్‌కు వెళ్తే ఇల్లూ పోతుంది, వీసా కూడా పోవచ్చు. తిరిగొచ్చాక నోరు విప్పితే, "అది మా పరిధి కాదమ్మా" అనాలా? దెబ్బలు తిన్న మనిషీ, కొట్టిన మనిషీ ఇక్కడివాళ్ళే అయినప్పుడు వేరే దేశం కోర్టుకు ఆ గొడవ మీద ఏం పట్టింపు ఉంటుంది? నాకైతే ఇలాంటి కేసుల్లో అనుమతి అనే మెట్టే తీసేయాలనిపిస్తుంది.

అడ్డగోడ:
ఉషారాణి గారూ, బాధ కాదనను. కానీ సాక్ష్యం? బోట్స్వానాలో పక్కింటివాళ్ళను మన కోర్టుకు ఎవరు రప్పిస్తారు? అక్కడి డాక్టరు మన సమన్లు చూసి వస్తాడా? అబద్ధపు ఫిర్యాదైతే, ఆ అబ్బాయి తన తరఫు సాక్షులను ఎలా తెచ్చుకుంటాడు?

పాతఫైలు:
దానికీ దారి ఉంది. నాగరిక్ సురక్షా సంహిత 209వ సెక్షన్ ప్రకారం, ఆ దేశంలోని న్యాయాధికారి ముందో, మన దౌత్యాధికారి ముందో ఇచ్చిన వాంగ్మూలాలను సాక్ష్యంగా తీసుకోవచ్చని కోర్టు ఆదేశించవచ్చు. నెమ్మదిగా సాగుతుందంటే ఒప్పుకుంటా.

సముద్రపుకాకి:
మన సొంత అనుభవం ఎవరూ ఎత్తలేదేం? 2012లో కేరళ తీరానికి దూరంగా ఇద్దరు జాలర్లు ఇటలీ నావికాదళ సైనికుల తూటాలకు చనిపోయారు. "మా సైనికులను మేమే విచారిస్తాం" అని ఇటలీ, "చనిపోయింది మావాళ్ళు" అని మనం. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఇటలీ వైపు మొగ్గింది: క్రిమినల్ కేసు మనం ఆపేయాలి, నష్టపరిహారం ఇటలీ ఇవ్వాలి. పది కోట్లు కట్టాక 2021లో సుప్రీంకోర్టు కేసు మూసింది. 2022 జనవరిలో రోమ్ జడ్జి సాక్ష్యాలు చాలవని అక్కడా కొట్టేశారు. ఆ సైనికులను వేరే దేశం కోర్టు విచారించకుండా ప్రత్యేక రక్షణ ఉందన్నది వేరే అంశం, తెలుసు. కానీ సొంత కోర్టు సొంత మనిషిని విచారిస్తే బాధితుల దేశానికి ఎలా కనిపిస్తుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఉషారాణి:
బోట్స్వానా కేసులో బాధితురాలూ మన మనిషే కదండీ. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

అడ్డగోడ:
అలా విడదీస్తే నాకూ అభ్యంతరం తగ్గుతుంది. ఇద్దరూ మనవాళ్ళే అయితే ఇక్కడ విచారించండి. బాధితుడు ఆ దేశం మనిషైతే మొదటి హక్కు వాళ్ళదే, వాళ్ళు అడగకపోతేనో, అప్పగింత కుదరకపోతేనో మనది. ఈ వరస చట్టంలోనే రాయమంటున్నా, అధికారి సంతకానికి వదలొద్దు. పాతఫైలు గారూ, ఒకటి చెప్పండి: అక్కడ జైలు శిక్ష పూర్తి చేసి వచ్చినవాణ్ణి అదే నేరానికి ఇక్కడ మళ్ళీ బోనెక్కించవచ్చా?