మంగళగిరి చీరల సైట్: యాడ్‌కి క్లిక్‌లు ఉన్నాయి, వాట్సాప్‌కి మెసేజ్‌లు లేవు. డిజైన్ మొత్తం మార్చాలా?

మగ్గం_214:
మంగళగిరి చేనేత చీరల షాపు సైట్. వర్డ్‌ప్రెస్‌లో కట్టింది, దానిమీద షాపు నడిపే వూకామర్స్. చీరల పేజీలు 180 దాకా ఉన్నాయి. ఆర్డర్లు దాదాపు అన్నీ వాట్సాప్‌లోనే. గూగుల్ యాడ్స్‌కి నెలకి ₹15,000 పోతోంది. క్లిక్‌లు 1,900 చూపిస్తోంది గానీ మెసేజ్‌లు 40 దాటట్లేదు. గూగుల్ స్పీడ్ పరీక్ష పేజ్‌స్పీడ్‌లో మొబైల్ స్కోరు 100కి 31, ఎల్‌సీపీ 7.8 సెకన్లు. ఫోన్‌లో తెలుగు హెడ్డింగుల కింద వత్తులు తెగిపోతున్నాయి. ఏజెన్సీ వాళ్లేమో ఇప్పుడు ట్రెండ్ ఇదేనని వీడియో బ్యాక్‌గ్రౌండు, 3డీ యానిమేషన్, ఏఐ చాట్‌బాట్, ఆఫర్ టైమరు పెట్టి మొదట్నుంచీ మళ్లీ కడతామంటున్నారు. అవసరమా, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా?

కాష్_క్లియర్:
మళ్లీ కట్టించొద్దు. 31 ఉన్న సైట్‌కి వీడియో తగిలిస్తే అది 31 కూడా ఉండదు.

స్క్రీన్ మీద అన్నిటికన్నా పెద్ద బొమ్మ గానీ టెక్స్ట్ గానీ కనబడడానికి పట్టే టైమే ఎల్‌సీపీ. 2.5 సెకన్ల లోపుంటేనే గూగుల్ లెక్కలో బాగున్నట్టు. ఇలాంటి షాపు థీముల్లో ఆ పెద్ద బొమ్మ చాలాసార్లు పైన తిరిగే స్లైడరులో మొదటిదే. అక్కడ రెండు తప్పులు కలిసి ఉంటాయి. కెమెరాలోంచి తీసిన 4,000 పిక్సెళ్ల ఫొటోని అలాగే ఎక్కించేయడం ఒకటి. స్లైడర్ ప్లగిన్ ఆ బొమ్మని జావాస్క్రిప్ట్‌తో తెచ్చి పెట్టడం రెండోది. స్క్రిప్ట్ దిగి, నడిచి, అప్పుడు గానీ బొమ్మ కావాలన్న సంగతి బ్రౌజర్‌కి తెలియదు. పేజీ తెల్లగా ఉండిపోయేది అందుకే.

స్లైడర్ తీసేయండి. ఒక్క బొమ్మ చాలు, రెండో స్లైడు దాకా ఎవరూ ఆగరు. ఫోన్ స్క్రీన్ వెడల్పు సైట్ లెక్కలో 400 పిక్సెళ్ల దాకా, దాన్ని డెన్సిటీతో (పిక్సెళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో దాంతో) రెండింతలో మూడింతలో చేస్తే 800 నుంచి 1,200 పిక్సెళ్లు. కాబట్టి 800కి ఒకటి, 1,200కి ఒకటి వెబ్‌పీలో (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) చేసి, ఏ ఫోనుకి ఏది సరిపోతుందో ఎస్ఆర్‌సీసెట్‌తో (బొమ్మ ట్యాగులో సైజుల జాబితా ఇచ్చే చోటు) బ్రౌజర్‌కే వదిలేయండి. బొమ్మ ట్యాగులో వెడల్పు, ఎత్తు తప్పకుండా రాయండి. లేకపోతే బొమ్మ దిగగానే కింద ఉన్నదంతా జారుతుంది, వేలు ఒకచోట పెడితే ఇంకోటి నొక్కుకుంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: స్పీడ్ ప్లగిన్ వేసుకుని బొమ్మలన్నిటికీ లేజీ లోడింగ్, అంటే స్క్రోల్ చేసి దగ్గరికొచ్చాకే దిగడం, ఆన్ చేస్తారు. కింద బొమ్మలకి మంచిదే. పై బొమ్మకి మాత్రం అదే బ్రేకు. దానికి లేజీ తీసేసి, ముందు దీన్నే దించమని బ్రౌజర్‌కి చెప్పే ఫెచ్ ప్రయారిటీ హై పెట్టండి.

సర్వర్ ఎక్కడుందో కూడా కనుక్కోండి. అమెరికాలో ఉంటే మనవాళ్ల ఫోన్ నుంచి వెళ్లి రావడానికే ఒక్కో విడతకి 200 మిల్లీసెకన్ల పైన పోతుంది, కనెక్షన్ కుదరడానికే రెండు మూడు విడతలు. ముంబైకి మార్చమనండి.

మార్చిన మర్నాడే పేజ్‌స్పీడ్ రిపోర్టులో పైనున్న వాడుకరుల అంకెలు మారలేదని కంగారు పడొద్దు. అవి గడిచిన 28 రోజులవి. అప్పటికప్పుడు మారేది కింద ఉండే పరీక్ష స్కోరు.

వత్తు_పొల్లు:
స్పీడ్ సంగతి పైన చెప్పారు, నేను తెలుగు సంగతి చెప్తా. వత్తులు తెగడం ఫాంటు తప్పు కాదు, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) తప్పు. థీము ఇంగ్లీష్ అక్షరాల కొలతకి చేసినది, హెడ్డింగులకి అక్షరం సైజుకి 1.1 గానీ 1.2 రెట్లు గానీ ఉంటుంది. "వస్త్రాలు" అని రాసి చూడండి, స కింద తకారం, రకారం రెండూ వేలాడతాయి. వాటికి చోటేదీ? హెడ్డింగులకి 1.5, మామూలు టెక్స్టుకి 1.7 పెట్టండి. బటన్లకి ఎత్తు 40 అని బిగించి, బయటికొచ్చింది కనబడకుండా చేసి ఉంటే అది తీసేసి, పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇవ్వండి. అక్షరాల మధ్య దూరం సున్నా చేయండి. ఇంగ్లీష్‌లో స్టైల్‌గా ఉండేది తెలుగులో మాటని ముక్కలు చేస్తుంది.

ఫాంటు బరువు కూడా చూసుకోండి. గుణింతాలు, వత్తుల ఆకారాలు అన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీష్ దానికన్నా చాలా పెద్దది. నాలుగు మందాలు దించితే ఫోన్ మోయలేదు. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఎలాగూ ఉంటుంది, ఐఫోన్‌లో, విండోస్‌లో వాటి తెలుగు ఫాంట్లున్నాయి. మామూలు టెక్స్టుకి ఫోన్‌లో ఉన్నదే వాడండి. హెడ్డింగులకి మాత్రం రామభద్ర గానీ మండలి గానీ ఒక్క ఫాంటు, వెబ్ కోసం కుదించిన డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 ఫైలుగా. రామభద్ర ముందే లావుగా ఉంటుంది, దానిమీద మళ్లీ బోల్డ్ పెడితే బ్రౌజర్ దొంగ బోల్డ్ చేస్తుంది, అక్షరాల కడుపులు పూడుకుపోతాయి.

ఇంకోటి. పాంప్లెట్ కోసం అను ఫాంట్లలో (డీటీపీ వాళ్ల పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన మేటర్‌నే సైట్‌లోకి తెచ్చారేమో చూడండి. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులొస్తే అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదివే అక్షరాల కోడ్) కాదు, గూగుల్‌కి అందులో ఒక్క ముక్క అర్థం కాదు.

కీవర్డ్_కోత:
1,900 క్లిక్‌లకి 40 మెసేజ్‌లు అంటే నూటికి రెండు. తప్పంతా సైట్‌దేనని అప్పుడే అనుకోకండి. యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం నిజంగా ఏం వెతికారో చూపించేది) తెరవండి. బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానికి దగ్గరగా ఏం వెతికినా యాడ్ కనబడే సెట్టింగులో, "మంగళగిరి" పెట్టి ఉంటే పానకాల స్వామి గుడి టైమింగులు, ఎయిమ్స్ ఓపీ, విజయవాడ బస్సు వెతికేవాళ్ల క్లిక్‌లకి కూడా మీరే డబ్బు కట్టి ఉండొచ్చు. అలాంటివి కనబడితే టెంపుల్, ఎయిమ్స్, హాస్పిటల్, బస్సు అన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలకి యాడ్ చూపించొద్దనే జాబితా) వేయండి. ఏకవచనం వేస్తే బహువచనం దానంతటది ఆగదు, రెండూ వేయాలి. చిల్లర అమ్మకమే అయితే హోల్‌సేల్ కూడా.

లొకేషన్ ఆప్షన్స్‌లో ముందే టిక్ అయి ఉండేది "అక్కడ ఉన్నవాళ్లు, లేదా ఆసక్తి ఉన్నవాళ్లు". దాన్ని అక్కడ ఉన్నవాళ్లకే కుదించండి. సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్) టిక్ ఉంటే తీసేయండి. డల్లాస్, న్యూజెర్సీ మనవాళ్ల కోసమైతే వేరే క్యాంపెయిన్, వేరే బడ్జెట్.

యాడ్ నొక్కినవాళ్లని హోమ్ పేజీకి పంపకండి. "నిజాం అంచు కాటన్ చీర" అని వెతికినవాళ్లకి ఆ చీరలే, ధరతో సహా, మొదటి స్క్రీన్‌లో కనబడాలి. ధర దాచి "మెసేజ్ చేయండి" అంటే సగం మంది వెనక్కి పోతారని నా అంచనా.

వాట్సాప్ బటన్ నొక్కి చూశారా? లింకులో నంబరు 91తో మొదలవ్వాలి, ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ, మధ్యలో ఖాళీ గానీ ఉండకూడదు. ప్రతి పేజీలో ఆ చీర కోడ్‌తో మెసేజ్ ముందే నింపి ఉంచండి. ఆ మెసేజ్‌లో "&" గానీ "#" గానీ ఎన్‌కోడ్ చేయకుండా (లింకులో పనికొచ్చే కోడ్‌గా మార్చకుండా) వదిలితే అక్కడికే తెగుతుంది. వాట్సాప్ లింకు బయటి డొమైన్ కాబట్టి జీఏ4 (గూగుల్ అనలిటిక్స్) ఆ క్లిక్‌ని తనే పట్టుకుంటుంది, దాన్ని కీ ఈవెంట్‌గా (మనకి ముఖ్యమైన పనిగా గుర్తు పెట్టి) మార్చుకుంటే ఏ కీవర్డ్ వాట్సాప్ బటన్ దాకా తెచ్చిందో తెలుస్తుంది. ఫోన్ నంబరు నొక్కితే మాత్రం పట్టుకోదు, దానికి గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో విడిగా పెట్టాలి.

ఆఫర్_బాబాయ్:
అంతా బాగుంది గానీ టైమరు పెట్టండి బ్రో. "ఇంకా 2 చీరలే" అంటే కొనేస్తారు.

కీవర్డ్_కోత:
నిజంగా రెండే ఉంటే పెట్టుకోవచ్చు. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మొదలయ్యే టైమరైతే వద్దు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయ చేసే డిజైన్లు) మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి, వాటిలో ఒకటి ఈ దొంగ తొందరే. చివర్లో షిప్పింగ్ చార్జీ బయటపెట్టడం కూడా అందులోదే.

కాష్_క్లియర్:
చాట్‌బాట్ గురించి ఎవరూ అనలేదు. ఆ స్క్రిప్టు పేజీతో పాటే దిగుతుంది, నొక్కితే స్పందన ఆలస్యమవుతుంది. 2024 మార్చి నుంచి గూగుల్ పాత కొలత ఎఫ్ఐడీ బదులు, నొక్కాక స్పందనకి పట్టే టైము ఐఎన్‌పీనే కొలుస్తోంది, 200 మిల్లీసెకన్ల లోపుండాలి. వాట్సాప్‌లో మనిషే జవాబిస్తున్నప్పుడు బాట్ ఎందుకు?

మగ్గం_214:
స్లైడర్ తీయించాను, పరీక్షలో ఎల్‌సీపీ 3.1కి దిగింది. సెర్చ్ టర్మ్స్‌లో గుడివే 300 పైన ఉన్నాయి! ఒక్క ఇబ్బంది: వెబ్‌పీ 70 క్వాలిటీకి దించితే జరీ అంచు అలికేసినట్టు అవుతోంది.

వత్తు_పొల్లు:
సన్నటి గీతలన్నీ కంప్రెషన్‌లో ముందు పోతాయండి. అంచు, పల్లూ దగ్గరి ఫొటోలకి 85 ఉంచండి, చీర మొత్తం కనబడే ఫొటోకి 75 చాలు. నొక్కితే పెద్దదయ్యే 2,000 పిక్సెళ్ల బొమ్మ నొక్కాకే దిగాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ ఎస్ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతి) అని ఉందో లేదో చూడండి. వేరే పద్ధతి అడోబ్ ఆర్‌జీబీలో ఉండి, ఆ సంగతి చెప్పే ప్రొఫైల్ ఊడిపోతే మెరూన్ చీర ఫోన్‌లో పాలిపోయి కనబడుతుంది, పార్సిల్ విప్పాక రంగు వేరే వచ్చిందంటారు.