అర్దబీల్ తివాచీ లండన్‌లోనే ఉండాలా, ఇరాన్‌కి వెళ్ళాలా?

కాగితంపడవ:
పోయిన నెల లండన్ వెళ్ళినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ చూశాను. గది మధ్యలో నేల మీద పరిచి, చుట్టూ అద్దాలు కట్టారు. రంగులు వెలిసిపోకుండా అరగంటకోసారి పది నిమిషాలే లైట్లు వేస్తారు. పదిన్నర మీటర్ల పొడవు, అయిదు మీటర్ల పైన వెడల్పు. ముదురు నీలం మీద తీగలూ పూలూ, నడుమ పెద్ద పసుపు పతకం, దాని చుట్టూ పదహారు కోల రేకులు. పతకానికి అటొకటి ఇటొకటి వేలాడదీసినట్టు రెండు దీపాలు.

ఒక చివర చిన్న పలకలో అక్షరాలు నేశారు. మొదట పారశీక కవి హాఫిజ్ గజల్ పాదాలు: నీ గడప తప్ప లోకంలో నాకు ఆశ్రయం లేదు, ఈ వాకిలి తప్ప తలదాచుకునే చోటు లేదు అని. కింద ఈ గడప సేవకుడు మఖ్సూద్ కాషానీ పని అనీ, హిజ్రీ 946 అనీ ఉంది. అంటే 1539-40.

ఏ వాకిలి? ఇరాన్‌లోని అర్దబీల్ ఊళ్ళో షేక్ సఫీ దర్గా వాకిలి. ఇరాన్‌ను ఏలిన సఫవీ రాజవంశానికి పేరిచ్చిన సూఫీ గురువు సమాధి అది. 'ఈ వాకిలి' అన్న మాట అక్కడ చదివితేనే అతుకుతుంది. లండన్‌లో ఆ మాట చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. తిరిగి ఇచ్చేయాలంటాను. మీరేమంటారు?

రికార్డుగది:
మీ బాధ అర్థమైంది. కానీ ఇది దోచుకొచ్చింది కాదండీ, కొన్నది. 19వ శతాబ్దం చివర్లో మాంచెస్టర్‌కి చెందిన జీగ్లర్ కంపెనీ చేతికొచ్చింది. లండన్‌లో ఒక వ్యాపారి ప్రదర్శనకు పెడితే, 1893లో మ్యూజియం 2,000 పౌండ్లిచ్చి తీసుకుంది. కొనమని సిఫారసు చేసింది ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్. దర్గావాళ్ళకు అప్పుడు డబ్బు అవసరమైంది, అమ్ముకున్నారు.

దోపిడీ గురించి మాట్లాడాలంటే 1828 సంగతి మాట్లాడదాం. రష్యన్ సైన్యం అదే దర్గాలోని రాతప్రతుల్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి పట్టుకుపోయింది. తిరిగి అడగాల్సినవి అవి. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

పడుగూపేకా:
మాది ఏలూరు. మా తాత తివాచీ మగ్గం మీదే బతికాడు. ఈ పని పర్షియా నుంచి వచ్చినవాళ్ళే మా ఊరికి తెచ్చారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందుకే ఈ చర్చ నాకు పరాయిది అనిపించదు.

పడుగు దారాలకు ఉన్ని చుట్టి, కిందకు లాగి, కత్తితో తెంపితే ఒక ముడి. వరస నిండాక పేక తోసి పంజాతో కొట్టాలి. అర్దబీల్ తివాచీలో పడుగూ పేకా పట్టు, పైన పది రంగుల ఉన్ని. చదరపు సెంటీమీటరుకు 53 ముళ్ళు. బొటనవేలి గోరంత చోటులో అన్ని ముళ్ళంటే మా తాత నమ్మేవాడు కాదు. మొత్తం రెండున్నర కోట్ల పైమాటే.

కొన్నారా దోచారా అన్నది నాకు రెండో సంగతి. ఇది జంట తివాచీ. రెండూ అరిగిపోయి ఉంటే, ఒకదాని అంచులూ ముక్కలూ కోసి రెండోదాన్ని నిండుగా చేశారు. ఆ కోసిన తివాచీ లాస్ ఏంజెలెస్‌లో ఉంది, అమెరికన్ చమురు కోటీశ్వరుడు గెట్టీ 1953లో అక్కడి మ్యూజియానికి ఇచ్చేశాడు. దానికి అంచు లేదు. అంచు లేని తివాచీ అంటే మగ్గం ఎరిగినవాడికి ప్రాణం ఉసూరుమంటుంది.

రికార్డుగది:
అలా చేయకపోతే రెండూ పీలికలయ్యేవేమో. ఒకటైనా పూర్తిగా మిగిలింది కదా?

పడుగూపేకా:
చిరుగు పడితే మా తాత కొత్త పడుగు ఎక్కించి, ముడి ముడీ కలిపేవాడు. నెలలు పట్టేది. పక్క తివాచీ మీద చెయ్యి వేసేవాడు కాదు. అమ్మకానికి తొందరపడ్డవాళ్ళు కత్తెర పట్టారు, అంతే.

కాగితంపడవ గారూ, మీరు దగ్గర్నుంచి చూశారు కదా. అతుకులు కనిపించాయా?

రికార్డుగది:
కత్తెర విషయంలో మీతో వాదించను. తప్పే. తిరిగి ఇవ్వడం మీద మాత్రం నా మాట మారలేదు.

దీపాల గురించి ఒకటి. రెండింట్లో ఒకటి చిన్నది. చిన్న దీపం వైపు కూర్చుంటే రెండూ సమానంగా కనిపించాలనే అలా నేశారని కొందరంటారు. లోపం లేనితనం దేవుడిదే కాబట్టి కావాలనే తేడా పెట్టారని ఇంకొందరు. మొదటిదే నిజమైతే, అది మనుషులు కూర్చోవడానికి నేసిన తివాచీ, చుట్టూ తిరిగి చూడ్డానికి కాదు. ఈ ఒక్క విషయంలో కాగితంపడవ గారి వైపే ఉన్నాను.

కాగితంపడవ:
జంట సంగతి నాకు తెలియదు. డబ్బిచ్చి కొన్నారన్నది కాదనను. అయినా ఆ దర్గా 2010 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, కొన్నాళ్ళపాటైనా రెండు తివాచీలనూ అక్కడ పక్కపక్కన పరవమని అడగడంలో తప్పేముంది? అమ్ముకున్నవాళ్ళ మనవలు ఒక్కసారి వాటి మీదుగా ఆ అక్షరాలు చదువుకోరా?

పడుగూపేకా గారూ, మీరడిగినదానికి జవాబు: అతుకులు చూడలేదండీ. వెతకాలని తెలియలేదు. లైట్లు వేసిన పది నిమిషాలూ పలక దగ్గరే నిలబడిపోయాను. ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి అంచుల దగ్గర నిలబడతాను.