జీతం లేని మెయింటెయినర్‌ని "ఎప్పుడు ఫిక్స్ చేస్తారు" అని నిలదీయొచ్చా?

బెజవాడ డెవ్:
మా ఆఫీసులో వాడే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (ఎవరైనా ఉచితంగా వాడుకోగల రెడీమేడ్ కోడ్) బగ్ ఉంది. దాని మెయింటెయినర్, అంటే ఆ లైబ్రరీని చూసుకునేది ఒక్కరే, అదీ ఖాళీ దొరికినప్పుడు. బగ్ గురించి ఇష్యూ (ఫిర్యాదు) పెట్టి కొన్ని వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. "రోజూ ఒక కామెంట్ పెట్టు, అప్పుడే కదులుతారు" అని మా మేనేజర్ అన్నారు. నేను పెట్టనన్నాను. టీమ్‌లో సగం మంది ఆయన వైపే ఉన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా వరకు ఆ హక్కు మనకు లేదు. లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత టూల్ సంగతే తీసుకోండి. దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది లాస్సె కొలిన్. 2022లో మెయిలింగ్ లిస్టులో కొందరు ఆయన వెంటపడ్డారు: ప్యాచ్‌లు (ఇతరులు పంపిన కోడ్ సవరణలు) పేరుకుపోతున్నాయి, కొత్త మెయింటెయినర్ వస్తే తప్ప పని సాగదు అని. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదని, ఇది డబ్బు రాని హాబీ ప్రాజెక్టని ఆయన అక్కడే రాశారు. అయినా వాళ్లు వదల్లేదు. చివరికి జియా టాన్ పేరుతో సాయం చేస్తూ వచ్చిన వ్యక్తి చేతికి ప్రాజెక్టు అధికారాలు వెళ్లాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది ఆ అకౌంటే. తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వబట్టి మార్చి 29న బయటపడింది, లేకపోతే ఎన్నో లైనక్స్ సర్వర్లకు చేరేది. అప్పట్లో వెంటపడిన అకౌంట్లు కూడా ఆ కుట్రలో భాగమేనని చాలామంది భద్రతా నిపుణుల అనుమానం. మామూలు యూజర్లు రోజూ ఇలాగే విసిగిస్తుంటారు కాబట్టే అప్పుడు ఎవరికీ తేడా కనిపించలేదు.

నైట్‌షిఫ్ట్ ఆప్స్:
కొలిన్ గారి విషయంలో మీరన్నది నిజం. కానీ రెండో వైపు కూడా చూడండి. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే లేచేది నేను. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పేజీ) "ప్రొడక్షన్‌కి సిద్ధం" అని రాసుకున్నారు, మేం నమ్మి వాడాం. బగ్ సరిచేయమని ఒత్తిడి చేయను. "ఇప్పుడు నావల్ల కాదు" అని ఒక్క లైను రాస్తే చాలు, ఫోర్క్ చేసుకుంటాం, అంటే కోడ్ కాపీ తీసుకుని మేమే చూసుకుంటాం. ఆ ఒక్క లైను అడిగే హక్కు కూడా లేదంటే నేను ఒప్పుకోను.

బెజవాడ డెవ్:
లైసెన్సులో ఏముందో చూడండి. ఎంఐటీ అయినా బీఎస్‌డీ అయినా "ఉన్నది ఉన్నట్టు, ఏ హామీ లేకుండా" అనే ఇచ్చారు. చలివేంద్రంలో నీళ్లు తాగి, కుండ ఎందుకు కడగలేదని దబాయిస్తామా?

నైట్‌షిఫ్ట్ ఆప్స్:
దబాయించం. కానీ నీళ్లు పాడైతే చలివేంద్రం వాళ్లే బోర్డు తీసేస్తారు కదా. నేనడిగేది అదే. వదిలేసిన ప్రాజెక్టుని ఆర్కైవ్ చేయండి, ఇక పని జరగదని గుర్తు పెట్టండి.

డల్లాస్ తెలుగోడు:
అసలు గొడవ డబ్బు దగ్గరుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడే నాటికి, అది దొరికిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి, అంటే ఎన్నో వెబ్‌సైట్లు తమ భద్రత కోసం వాడే ఉచిత కోడ్‌కి, ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. కర్ల్ అనే డేటా బదిలీ టూల్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కి 2022 జనవరిలో ఒక పెద్ద కంపెనీ మెయిల్ పెట్టింది: లాగ్‌ఫోర్‌జే అనే వేరే లైబ్రరీలో బయటపడ్డ భద్రతా లోపం గురించి ఈ ప్రశ్నలన్నిటికీ 24 గంటల్లో జవాబివ్వాలని. ఆయనకీ ఆ కంపెనీకీ ఏ ఒప్పందమూ లేదు. సపోర్ట్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టండి, అన్నిటికీ సంతోషంగా చెబుతా అని జవాబిచ్చారు. నా దృష్టిలో సరైన జవాబు అదే. గడువు కావాలంటే కాంట్రాక్టు రాసుకోవాలి.

నైట్‌షిఫ్ట్ ఆప్స్:
అన్నా, మాది చిన్న కంపెనీ. ఎవరో తెలియని మనిషికి వంద డాలర్లు పంపుదామంటే ఫైనాన్స్ వాళ్లు ఇన్వాయిస్ ఎక్కడ, జీఎస్టీ నంబర్ ఎక్కడ అంటారు. షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా పది లక్షల డాలర్ల దాకా ఇచ్చేలా ఫ్లాస్ ఫండ్ పెట్టింది, అందరూ జెరోధాలు కారుగా.

ఫైనలియర్ ఈసీఈ:
నేనొకటి అడగొచ్చా? అందరూ మెయింటెయినర్ల గురించే మాట్లాడుతున్నారు. ప్యాచ్ పంపే మేమూ వాలంటీర్లమే కదా. నా మొదటి పుల్ రిక్వెస్ట్‌ని (మార్పు కలుపుకోమని పంపే వినతి) ఒక ప్రాజెక్టులో "స్పామ్" అని ఒక్క మాట రాసి మూసేశారు. నేను పంపింది డాక్యుమెంటేషన్‌లో విరిగిపోయిన లింకుకి సవరణ. ఆ తర్వాత మళ్లీ ఎక్కడా పంపాలనిపించలేదు.

స్థానికీకరణ అక్క:
తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయం. ముందు ఆ మాట చెప్పాలి. తెలుగు అనువాదాల దగ్గర పనిచేస్తుంటాను కాబట్టి రెండు వైపులా చూశాను.

మెయింటెయినర్లు ఎందుకు అలా అయ్యారో కూడా తెలుసుకో. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో ఒక పదం చేర్చి వేలకొద్దీ పుల్ రిక్వెస్టులు పంపారు. అడ్డుకోలేక నిర్వాహకులు నెల మొదట్లోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టులోనైతే యూట్యూబ్ పాఠం చూసిన మన దేశపు విద్యార్థులు ప్రాక్టీసంటూ తమ పేర్లు రీడ్‌మీలో చేర్చి అసలు ప్రాజెక్టుకే పంపారు. అందులో తెలుగు పిల్లలూ ఉండే ఉంటారు. పాఠం చెప్పినవాళ్లు సొంత రిపోలో (కోడ్ దాచే చోటు) చేయించి ఉంటే సరిపోయేది.

అలాగని "స్పామ్" అని మొహం మీద తలుపు వేయడం తప్పే. నేను ఒక జవాబు రాసి పెట్టుకున్నాను: "సమయం వెచ్చించినందుకు థ్యాంక్స్. ఈ పదం మెనూలో పట్టదు, అందుకే తీసుకోవట్లేదు. 'సెట్టింగులు' పేజీలో అనువదించాల్సినవి ఇంకా ఉన్నాయి, వీలైతే చూడండి." అతికించడానికి అర నిమిషం పట్టదు. ఇది అందుకున్నవాళ్లలో కొందరు తిరిగొచ్చి సెట్టింగులు పూర్తి చేశారు.

ఆప్స్ గారూ, మీకూ ఒక మాట. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే లైబ్రరీని అప్పట్లో చూసుకున్న ఆయన 2025లో, భద్రతా లోపాలనూ ఇక మామూలు బగ్‌ల్లాగే చూస్తానని ప్రకటించారు. జీతం లేకుండా వారానికి కొన్ని గంటలు వాటికే పోతుంటే నడవదన్నారు. మీరడిగిన ఆ ఒక్క లైను ఆయన రాశారు. అది చదివి ఎన్ని కంపెనీలు సాయానికి మనిషిని పంపాయి?

నైట్‌షిఫ్ట్ ఆప్స్:
దానికి నా దగ్గర జవాబు లేదు, మేమూ పంపలేదు. కానీ ఆర్కైవ్ మాట మీద మాత్రం తగ్గను.

డెవ్ గారూ, ఆ లైబ్రరీ ఏదో మెసేజ్ పెట్టండి. మేమూ అదే వాడుతుంటే బగ్‌ని చూపించే చిన్న టెస్ట్ కేసు ఈ వారాంతం రాసి పంపుతా.

బెజవాడ డెవ్:
పెట్టాను. మా మేనేజర్‌తో కూడా మాట్లాడాను. కామెంట్ల బదులు ఫిక్స్ కోసం నాకు శుక్రవారం మధ్యాహ్నాలు ఇస్తానన్నారు, ఈ నెలకి మాత్రమే.