"తెప్పలుగ చెరువు నిండిన" లో ఈ తెప్పలుగ ఏంటండీ?

కృష్ణలంక కుర్రాడు: రాత్రి వానకి వెనక ఖాళీ సైట్లో కప్పలు ఒకటే గోల, నిద్ర లేదు, సుమతీ శతకంలో కప్పల పద్యం (చెరువు నిండితే కప్పలు పదివేలు చేరినట్టు, సంపద కలిగితే చుట్టాలు వస్తారని) బుర్రలో తిరుగుతానే ఉంది. తెప్పలుగనా, తెప్పలుగానా? తెప్పలు తేలేటట్టు అనా? అంటే దసరాకి దుర్గమ్మ తెప్పోత్సవం చేస్తారే, ఆ తెప్పేనా?

బ్రాడీపేట మాస్టారు: దీర్ఘం పెడితే కంద పద్యం లెక్క కూలుద్ది నాయనా. తెప్పలు భ గణం, గఁజెరువు నల గణం, నిండిన భ గణం, ఒక్కోటి నాలుగు మాత్రలు. 12 మాత్రలు అయిపోయాయి, ఇంకోదానికి చోటేది? అర్థం సమృద్ధిగా అని. పడవల గొడవ లేదు.

తెనాలి పిల్ల: గణాలు ఓకే మాస్టారూ, అర్థం మాత్రం ఒప్పుకోను. తెప్పరిల్లడం అని మాటుందిగా, తేరుకోవడం. ఎండాకాలం మట్టిలో దూరి పడుకున్న కప్పలు చినుకు పడగానే తెప్పరిల్లి బయటికొస్తాయి, ఆ వాసన ఈ పదంలో ఉందని నా గట్టి నమ్మకం.

బ్రాడీపేట మాస్టారు: తెప్పలుగ నిండింది చెరువమ్మా. కప్పలు తర్వాతి పాదంలో ఉన్నాయి.

బందరు రోడ్డు బయాలజీ: అసలు ఏ కప్పో తేల్చండి ముందు. గట్టు మీద కాలు పెట్టగానే నీళ్ల మీద చెంగుచెంగున గెంతుకుంటా పోద్దే చిన్నది, అది ఏడాది పొడుగునా చెరువులోనే ఉంటది, కొత్తగా వచ్చి "చేరు" అనక్కర్లేదు. వానకి వచ్చేది పెద్ద బోదురుకప్ప. తొలకరికి మగవి నిమ్మపండు రంగులోకి తిరిగి, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బించి మరీ అరుస్తాయి, ఆడవి మామూలు రంగులోనే ఉంటాయి. అవి గుడ్లు పెట్టేది కూడా ఎక్కువగా వాన గుంటల్లో, మునిగిన పొలాల్లో, ఎందుకంటే నిండు చెరువులో చేపలు పిల్లల్ని మింగేస్తాయి. బద్దెన గారి చెరువు నాకు డౌటే.

బ్రాడీపేట మాస్టారు: నీతి చెప్పేవాణ్ణి పట్టుకుని ప్రాక్టికల్ రికార్డు అడుగుతావేంటయ్యా.

బందరు రోడ్డు బయాలజీ: మరి ఋగ్వేదం ఏడో మండలం మండూకసూక్తం? ఒకటి ఆవులా, ఒకటి మేకలా అరుస్తుంది, ఒకటి మచ్చలది, ఒకటి పచ్చది అని వేరు చేసి చెప్పాడు ఋషి. ఏడాదిపాటు వ్రతం పట్టిన బ్రాహ్మల్లా పడుకుని వానకి నోరు విప్పాయంట. చూపంటే అదీ.

తెనాలి పిల్ల: పడుకుని లేచాయని వేదమే చెప్పింది! తెప్పరిల్లడం అదేగా!!

కృష్ణలంక కుర్రాడు: ఇంతకీ పద్యం మొదట్లో "కలిగిన నప్పుడు"నా, "నప్పుడె"నా?

బ్రాడీపేట మాస్టారు: రెండూ గణాలకి సరిపోతాయి. నేను పిల్లలకి "నప్పుడె" అనే చెప్పా.

మంగళగిరి మగ్గం: పదివేలు ఎక్కడివండీ, 1987లో నిషేధం పెట్టేదాకా కప్పల కాళ్లు కోసి ఎగుమతి చేసిన దేశం మనది.

నరసరావుపేట: శ్రీనాథుడే నయం. పల్నాడు మీద ఆశువుగా చెప్పిన చాటువులో సర్పంబులును తేళ్లు అన్నాడు గానీ కప్ప ఊసే లేదు, నీళ్లుంటేగా.

బ్రాడీపేట మాస్టారు: రెండో పాదంలో నాగులేటి నీళ్లు లేవూ? పైగా ఆ చాటువు శ్రీనాథుడిదేనని ఎవరు తేల్చారు?

తెనాలి పిల్ల: పాములున్నాయంటే కప్పలున్నట్టేగా, లేకపోతే ఏం తిని బతికాయి?

నరసరావుపేట: ఎలకలు. మా పల్నాడు ఎలకల సంగతి మీకు తెలీదు.