చర్చ: డయల్ అప్ కాలపు ఇంటర్నెట్ సేవ ఇప్పటి సేవకన్నా నిజాయతీగా ఉండేదా?

పాతమోడెమ్:
ఫోను లైనుకు మోడెమ్ అనే పెట్టె తగిలించి, నంబరు డయల్ చేసి ఇంటర్నెట్‌లోకి వెళ్ళే డయల్ అప్ రోజుల్లో పెరిగినవాళ్ళలో నేనొకణ్ణి. అప్పటి వేగం మళ్ళీ కావాలని ఎవరూ కోరుకోరు. ఒక్క మెగాబైటు ఫైలు దిగడానికి మూడు నిమిషాలు కాచుకున్న నాకు ఆ సంగతి బాగా తెలుసు. నేను అనేది ఒక్కటే: అప్పటి సేవ తన లోపాన్ని మన ఎదుట పెట్టేది, ఇప్పటి సేవ దాన్ని దాస్తోంది.

నంబరు డయల్ చేశాక మన మోడెమ్ అవతలి మోడెమ్‌తో సాగించే బేరసారమంతా స్పీకరులో వినిపించేది. రోజూ వినగా వినగా, ఏ కూత దగ్గర తడబడితే లైనులో గరగర ఉన్నట్టో, ఎక్కడ ఆగిపోతే మళ్ళీ డయల్ చేయక తప్పదో చెవికే తెలిసిపోయేది. లైను కలిశాక ఆ పూట కుదిరిన వేగం తెర మీద అంకెల్లో కనిపించేది. ఒక రోజు సెకనుకు 44,000 బిట్లు, లైను బాగాలేని రోజు 31,200. పెట్టె మీద ఏమి అచ్చువేసి ఉన్నా, దక్కింది ఎంతో దాచుకోకుండా చెప్పేది.

ఇప్పుడు మూడు వారాలుగా రాత్రి ఎనిమిది దాటితే నా కనెక్షన్ కుంటుతోంది. ఫిర్యాదు చేయబోతే ముందు రికార్డు చేసిన గొంతు, తరువాత చాట్‌బాట్, చివరికి ఒక మనిషి దొరికితే రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమనే సలహా. నాలుగోసారి ఫిర్యాదు చేసిన మర్నాడు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని సందేశం వచ్చింది. ఎవరు చూశారో, ఏమి చూశారో, దేన్ని బాగుచేశారో అందులో ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి కూడా వీడియో కాల్ మధ్యలోనే తెగిపోయింది.

తీగపనివాడు:
పాతమోడెమ్ గారూ, నేను లైన్ల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి. మీ బాధ నిజమే కానీ, మీరు ఒక చిన్న పొరపాటు చేస్తున్నారు. ఆ రోజుల్లో మీకు నిజం చెప్పింది సేవాసంస్థ కాదు, మీ బల్ల మీది మోడెమ్. 1998లో వచ్చిన వి.90 అనే మోడెమ్ ప్రమాణం ప్రకారం, పెట్టె మీద వేసే సెకనుకు 56 కిలోబిట్లు అనేది దిగుమతికి (డౌన్‌లోడ్‌కు) మాత్రమే, అదీ లెక్క ప్రకారం చేరగల గరిష్ఠం, ఎగుమతి (అప్‌లోడ్) 33.6 దాటేది కాదు. అంటే ప్రకటనలో పెద్ద అంకె వేసి చేతికి తక్కువ ఇవ్వడం అప్పటినుంచీ ఉన్నదే. ఇంకొకరు అదే లైను మీద రిసీవరు ఎత్తితే కనెక్షన్ తెగిపోవడం, దూరపు కంప్యూటరును వాడుకునే టెల్‌నెట్‌లోనూ మెయిల్‌లోనూ పాస్‌వర్డులు ఏ రక్షణా లేకుండా తీగ వెంట పోవడం కూడా మరచిపోకూడదు.

ఇప్పటి పరికరాలు మూగవి కావు. ఫైబర్ పెట్టె మీద సంకేతం అందనప్పుడు ఎర్ర దీపం వెలుగుతుంది. దాని సెట్టింగుల పేజీలో అందుతున్న కాంతి బలం కూడా చాలావాటిలో కనిపిస్తుంది.

సందేహి:
నేను ఫోను ద్వారానే ఇంటర్నెట్‌లోకి వచ్చిన తరం మనిషిని, మోడెమ్ కూత విననేలేదు. తీగపనివాడు గారూ, నాదొక ప్రశ్న. స్పీడ్ టెస్ట్ చేస్తే పూర్తి వేగం చూపిస్తుంది, కానీ ఇంట్లో ఎవరైనా ఫోటోలు ఎక్కిస్తున్నంతసేపూ నా కాల్‌లో మాటలు ముక్కలవుతాయి. కస్టమర్ కేర్ వాళ్ళు స్పీడ్ టెస్ట్ చూసి లోపమేమీ లేదంటారు. అప్పుడు నేనేమని వాదించాలి?

తీగపనివాడు:
సందేహి గారూ, మామూలు స్పీడ్ టెస్ట్ సెకనుకు ఎంత డేటా పోతోందో కొలుస్తుంది. లైను నిండుగా ఉన్నప్పుడు ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎంతసేపు ఆగాల్సి వస్తోందో చాలా టెస్టులు పైకి చెప్పవు. రౌటర్‌లో పెద్ద బఫర్ (డేటా తన వంతు కోసం ఆగే చోటు) ఉంటే ఫోటోల ప్యాకెట్లన్నీ అందులో బారులు తీరతాయి, మీ మాట ఆ బారు చివర నిలబడుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మందు కూడా ఎప్పుడో దొరికింది: బారులను విడదీసి పొట్టిగా ఉంచే ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. మీ రౌటర్‌లో ఆ సదుపాయం ఉంటే ఆన్ చేసి, ఎగుమతి పరిమితిని అసలు వేగంకన్నా కొంచెం తక్కువకు పెట్టి చూడండి.

పాతమోడెమ్:
నిజం చెప్పింది నా మోడెమేనన్న మాట ఒప్పుకుంటున్నాను. పాస్‌వర్డుల సంగతీ అంతే. కానీ అవతల మోడెములన్నీ నిండిపోయినప్పుడు మాకు ఎంగేజ్ టోన్ వినిపించేది. ఎంత విసుగు తెప్పించినా, ‘ఇప్పుడు చోటు లేదు’ అన్న స్పష్టమైన జవాబు అది. ఇప్పుడు అందరినీ లోపలికి రానిచ్చి, రాత్రిపూట ఉన్నదాన్నే అందరికీ పలచగా పంచుతున్నారు. చోటు చాలడం లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఐరోపా సమాఖ్య 2015లో చేసిన నిబంధన, స్థిర కనెక్షన్ల ఒప్పందంలో గరిష్ఠ వేగంతోపాటు కనిష్ఠ వేగమూ మామూలుగా అందే వేగమూ రాయాలంటుంది. రద్దీ వేళ నాకు ఎంత దక్కుతుందో అలా ముందే కాగితం మీద పెట్టమని అడగడం అత్యాశ కాదు. తీగపనివాడు గారూ, మీరు ఆ పనిలోనే ఉన్నారు కనుక అడుగుతున్నాను: ఏమీ బాగుచేయకుండా ఫిర్యాదును ఎలా మూసేస్తారు?

తీగపనివాడు:
సూటిగా అడిగారు కనుక సూటిగానే చెబుతాను. మీరు కస్టమర్ కేర్‌లో పది నిమిషాలు వివరించినా, నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు టికెట్‌లో ‘నెట్ స్లో’ అన్న రెండు మాటలే ఉంటాయి. రాత్రి ఎనిమిది తరువాత అన్న సంగతి దారిలోనే రాలిపోతుంది. నేను పగలు పదకొండింటికి లైను పరీక్షిస్తాను. అప్పుడు అంతా సరిగ్గానే ఉంటుంది. గడువు లోపల మూయకపోతే ఆలస్యం నా లెక్కలో పడుతుంది కనుక ‘పరిష్కారమైంది’ అని నొక్కుతాను. ఆ టికెట్‌లో ‘సాయంత్రం మళ్ళీ చూడాలి’ అని రాయడానికి చోటు లేదు. అలాంటి గడి ఒకటి పెట్టమని మా పైవాళ్ళను నేను రెండుసార్లు అడిగాను.