‘సుబ్బారో వై’లో ఇంటిపేరు ఏది?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారం. జర్నల్‌కి పేపర్ పంపేటప్పుడు రిఫరెన్సులు ఎలా పేర్చాలో మా పరిశోధక విద్యార్థుల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాను. జర్నళ్ల నియమాల్లో ‘ముందు సర్‌నేమ్, తర్వాత ఇనిషియల్స్’ అని ఉంటుంది కదా. దాన్ని ‘ముందు ఇంటిపేరు, తర్వాత పొడి అక్షరాలు’ అని రాశాను. ఒక కుర్రాడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించి, జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేపర్‌ని ‘ఎల్లాప్రగడ ఎస్’ అని పెట్టాడు. వాళ్ల గైడ్ కొట్టేసి ‘సుబ్బారో వై’ అని దిద్దారు. ఇద్దరిలో ఎవరిది సరి? ఈ సర్‌నేమ్‌కి అసలు ఏ మాట వాడాలి?

లైబ్రరీ మాస్టారు:
గైడ్ గారిదే సరి. అయితే కుర్రాణ్ని ఏమీ అనలేం. తెలుగు ప్రకారం చూస్తే అతనే కరెక్టు మరి! ఎల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు పెట్టినపేరు. రిఫరెన్సుల జాబితాకి మాత్రం మన ఇళ్ల సంగతి అక్కర్లేదు. పేపర్ మీద పేరు ఎలా అచ్చయింది, జనం దాన్ని ఏ మాట కింద వెతుకుతారు, అంతే దానికి కావాల్సింది.

ఆ పేపర్నే తీసుకోండి. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగు ముదురును బట్టి కొలిచే పద్ధతి మీద 1925లో రాసింది. వైద్య జర్నళ్లు రిఫరెన్సులకి వాడే వాంకూవర్ పద్ధతిలో దాని వరస ఇది (జర్నల్లో ఇంగ్లిష్ లిపిలోనే ఉండాలనుకోండి):

ఫిస్క్ సీహెచ్, సుబ్బారో వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

చివర ఒంటరిగా నిలబడ్డ ‘వై’ ఉంది చూశారూ, అదే ఎల్లాప్రగడ. మనం ముందు పెట్టుకునే ఇంటిపేరు అక్కడ ఒక్క అక్షరమై తోకకి చేరింది, పెట్టినపేరు వెళ్లి సర్‌నేమ్ గడిలో కూర్చుంది. తోళ్ల శాస్త్రవేత్త నాయుడమ్మ గారిదీ ఇదే కథ, యలవర్తి కాస్తా ‘వై’ అయింది. భగవంతం, వెంకటరాయుడు కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని ఉదహరించినా ‘భగవంతం ఎస్, వెంకటరాయుడు టి’ అనే వస్తుంది. మన ఇంటిపేర్లన్నీ పొడి అక్షరాల్లోనే తలదాచుకున్నాయి.

ఇంకో సభ్యుడు:
ఇంటిపేరు కస్తూరివారు, జాబితాలో ఒట్టి ‘కె’ అన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
అయితే ‘ముందు పెట్టినపేరు, తర్వాత ఇంటిపేరు పొడి అక్షరం’ అని మార్చేస్తే సరిపోతుందా?

లైబ్రరీ మాస్టారు:
అక్కడా ఇరుక్కుంటారు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిని చూడండి. క్రామర్-రావు అసమానతకి మూలమైన పేపర్ 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటంలో వచ్చింది. దాన్ని ‘రావు సీఆర్’ అని రాస్తారు. ‘సీ’ కల్యంపూడి, ‘ఆర్’ రాధాకృష్ణ. మిగిలిన ‘రావు’ ఇంటిపేరు కాదు, నిండు పెట్టినపేరూ కాదు, దాని చివరి ముక్క. ప్రపంచంలోని స్టాటిస్టిక్స్ పుస్తకాలన్నిటా ఆయన ఆ ముక్కతోనే చలామణీ అవుతున్నారు.

సుబ్బారావు గారి ‘రావు’ పేరుకి అతుక్కుని ఉండిపోయింది, రాధాకృష్ణారావు గారిది విడిపోయింది. ఇంగ్లిష్‌లో సంతకం చేసేటప్పుడు ఒకరు కలిపి రాశారు, ఒకరు మధ్యలో ఖాళీ వదిలారు. ఇంతా చేసి ఒక స్పేస్ మహిమ! సుబ్బారావు గారి పేరునే వేరేవాళ్లు మూడు రకాలుగా రాశారు: కలిపి, కలిపినా మధ్యలో ‘ఆర్’ని పెద్దక్షరం చేసి, రెండు మాటలుగా విడగొట్టి. ఆ విడగొట్టినదాన్ని రిఫరెన్సులు పేర్చే బిబ్‌టెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చారనుకోండి, కామా లేకపోతే అది చివరి మాటనే సర్‌నేమ్ అనుకుంటుంది. ‘రావు వైఎస్’ అని కక్కుతుంది. ఒకే మనిషి జాబితాలో ఒకసారి ‘ఆర్’ కింద, ఒకసారి ‘ఎస్’ కింద తేలతాడు. విద్యార్థుల చేత సర్‌నేమ్ ముందు, కామా, తర్వాత మిగిలిన పేరు, ఇలాగే టైపు చేయించండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇంకోటి, ఇది మన వాళ్లకే తగిలే దెబ్బ. చెరుకూరి, చాగంటి వారంతా ‘సిహెచ్’ అని రాసుకుంటారు. మనకది ఒకే అక్షరం, ‘చ’. పైన ఫిస్క్ గారి పక్కన ఉన్న సీ, హెచ్ రెండు వేర్వేరు పేర్లు. చెరుకూరివారి పేరు పూర్తిగా ఇస్తే సాఫ్ట్‌వేర్ మొదటి అక్షరం ఒక్కటే పట్టుకుని ‘సీ’ అంటుంది. చేత్తో రాసేవాళ్లు ‘సీహెచ్’ అని రెండూ పెడతారు. మళ్లీ ఒకే మనిషి ఇద్దరు.

ఒక సభ్యురాలు:
పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ల మాటేమిటి మాస్టారూ? నా పాత పేపర్లు ఒక పేరుతో, కొత్తవి ఒక పేరుతో ఉన్నాయి.

లైబ్రరీ మాస్టారు:
ఏది ఎలా అచ్చయితే అలాగే ఉదహరించాలమ్మా. పాతవాటిని కొత్త పేరుతో రాస్తే చదివేవాళ్లకి దొరకవు. రెండింటినీ ఒకరికే కట్టిపెట్టడానికి ఓర్కిడ్ ఉంది, 2012లో మొదలైంది, ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే 16 అంకెల నంబరు. పేరెన్నిసార్లు మారినా నంబరు మారదు.

ప్రశ్న అడిగినవారు:
సరే, మాట సంగతి తేల్చండి. ఒకరు ‘వంశనామం’ అన్నారు, ఇంకొకరు ‘చివరిపేరు’ అన్నారు.

లైబ్రరీ మాస్టారు:
వంశనామం అంటే మళ్లీ ఎల్లాప్రగడ దగ్గరికే పోతాం. చివరిపేరు అంటారా, జాబితాలో అది మొదట వస్తుంది. పిల్లవాడు జుట్టు పీక్కుంటాడు. నన్నడిగితే ఇక్కడ ‘సర్‌నేమ్’ అనే ఉంచేయండి, తెలుగు మాట కోసం పాకులాడకండి. ఇంటిపేరు అనే మంచి మాటని తెచ్చి దానికి లేని అర్థం అంటగట్టడం నాకిష్టం లేదు. పక్కనే ఒక వాక్యం చేర్చండి: ‘సర్‌నేమ్ అంటే రచయిత ఇంటిపేరు కానక్కర్లేదు, ఆ పేపర్ రికార్డులో సర్‌నేమ్‌గా ఎక్కిన పేరు.’ అనుమానమొస్తే పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితాలోనో జర్నల్ పేజీలోనో చూసుకోమనండి. ‘ఈయన మావాడే, అసలు ఇంటిపేరు నాకు తెలుసు’ అని దిద్దడం మాత్రం వద్దు.

ఒక సభ్యురాలు:
మిగతా రచయితల పేర్లకి బదులు పెట్టే ఎట్ ఆల్‌కి ‘తదితరులు’ బాగుంటుందా?

లైబ్రరీ మాస్టారు:
జిల్లా ఎడిషన్లో ‘సర్పంచ్, ఎంపీటీసీ తదితరులు పాల్గొన్నారు’ చదివీ చదివీ నాకు ఆ మాట వింటే శాలువాలు గుర్తొస్తాయి. ‘మొదలైనవారు’ మేలు, జాబితాకి మొదలు మొదటి రచయితే కదా. అదీ తెలుగు వ్యాసంలో అయితేనే. ఇంగ్లిష్ పేపర్లో ఎట్ ఆల్‌ని కదపకండి. వాంకూవర్‌లో ఆరుగురి పేర్లు రాశాకే అది రావాలి. 1978లో వైద్య జర్నళ్ల సంపాదకులు ఆ ఊళ్లో కూర్చుని మొదలుపెట్టిన పద్ధతి కాబట్టి ఆ పేరు. ఏపీఏ అనే ఇంకో రిఫరెన్సు పద్ధతి లెక్క వేరు, జాబితాలో 20 మంది దాకా రాయాలి, వ్యాసం మధ్యలో ఉదహరించేటప్పుడు మాత్రం ముగ్గురున్నా మొదటి పేరు పక్కన ఎట్ ఆల్ పెట్టేయొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చివరిగా ఒకటి. తెలుగులో అచ్చయిన వ్యాసాన్ని ఇంగ్లిష్ పేపర్లో ఉదహరించాలంటే?

లైబ్రరీ మాస్టారు:
వాంకూవర్‌లో అయితే శీర్షికని ఇంగ్లిష్‌లోకి మార్చి చదరపు బ్రాకెట్లలో పెట్టండి, వరస చివర ‘తెలుగు’ అని భాష పేరు రాయండి. రచయిత పేరుకి అనువాదం ఉండదు, రోమన్ లిపిలోకి మార్చడమే. అక్కడ సర్‌నేమ్ ఏదో చెప్పే రికార్డు సాధారణంగా దొరకదు కాబట్టి, ఆ రచయిత ఇంగ్లిష్‌లో ఎక్కడైనా రాసి ఉంటే అక్కడి సంతకాన్ని అనుసరించండి. లేదంటే ఒక పద్ధతి ఎంచుకుని పేపరంతా అదే పాటించండి.